పదకొండు నలభై ఫ్లైట్

ఉదయం 9:52.

ఇమ్మిగ్రేషన్ క్యూలో ఆరో స్థానంలో నిలబడ్డ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌ని ఉన్నపళంగా నేలమీద బోర్లించింది.

దువ్వెన. కళ్ళజోడు. మాత్రల డబ్బా. చార్జర్.

పాస్‌పోర్ట్ లేదు.

"మళ్ళీ చూడవే," అన్నాడు భర్త. "ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నా. ఏ వస్తువూ ఒకచోట పెట్టవు."

"బ్యాగ్‌లో లోపలి జిప్‌లోనే పెట్టానండీ."

"మరి కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

10:05కి ఇద్దరూ మూడో నంబర్ గదిలో ఉన్నారు. టేబుల్, నాలుగు కుర్చీలు, గోడ గడియారం, ఒక టెలిఫోన్. కిటికీ లేదు.

లోపలికి వచ్చిన సెక్యూరిటీ ఆఫీసర్‌కి యాభై ఏళ్ళుంటాయి. ఎయిర్‌పోర్ట్‌లో ఆమెని వెనకాల అందరూ 'జల్లెడ' అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. కోపం లేదు.

"ముందు రూల్ చెబుతాను," అంది కూర్చుంటూ. "పాస్‌పోర్ట్ లేని మనిషిని వచ్చిన విమానంలోనే తిప్పి పంపుతాం. అది 11:40కి లేస్తుంది. 11:10కల్లా నేను ఫారం మీద సంతకం పెట్టాలి."

భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను వెనక్కి వెళ్ళలేను మేడమ్. దయచేసి..."

"అందులో రెండు సీట్లు ఖాళీ ఉంటాయా?" మధ్యలో అడిగాడు భర్త.

జల్లెడ అతని వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఏం చేస్తుంటారు?"

"కోట్లు కుడతాను. మా ఊళ్ళో కోటు మాస్టర్ అంటే తెలియనివాళ్ళుండరు. ఇది మా ఇరవయ్యో పెళ్ళిరోజు ట్రిప్పు. పది రోజులు. ఈవిడ పోరు పడలేక ఒప్పుకున్నా. ఇదిగో, గేటు దాటకముందే తగలేసింది."

"ఈ ఊళ్ళో మీకు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు," అన్నాడు కోటు మాస్టర్.

భార్య తల దించుకుంది.

10:25. కానిస్టేబుల్ రిపోర్ట్ ఇచ్చాడు.

"దారిలో మారి రెండో విమానం ఎక్కేటప్పుడు ఆవిడ పాస్‌పోర్ట్ గేటు దగ్గర స్కానయింది మేడమ్. అంటే తర్వాతి తొమ్మిది గంటల్లోనే పోయింది. వాళ్ళ వరుసలో సీట్లన్నీ ఊడదీసి చూశాం. టాయిలెట్ బుట్టలు కూడా. బ్యాగులన్నీ మిషన్‌లో పెట్టాం. ఇద్దర్నీ వేరువేరుగా తనిఖీ చేశాం. జేబులు, బూట్లు, బెల్టులు. ఏమీ లేదు."

"ఆ వరుసలో మూడో సీటాయన?"

"బయట చిందులు తొక్కుతున్నాడు."

మూడో సీటాయన టైల్స్ వ్యాపారి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నన్నెందుకు ఆపారు? నా మొహం దొంగ మొహంలా ఉందా?"

"ఆవిడ బ్యాగ్ ముట్టుకున్నారా?"

"ఎట్లా ముట్టుకుంటానమ్మా? ఆవిడ కిటికీ దగ్గర. బ్యాగ్ ఆవిడ కాళ్ళ కింద. మధ్యలో ఆ మహానుభావుడు. ఆయన్ని దాటాలంటే నాకు ఇంకో వీసా కావాలి!"

"ఆవిడ నిద్రపోయారా?"

"మాత్ర వేసుకుని పడుకుంది, పాపం. మెలకువగా ఉన్నంతసేపూ ఆయన తిట్లే. అందరూ పడుకున్నాక కూడా ఆయన నెత్తిన లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఆర్పవయ్యా అంటే, నీ సొమ్మేం పోయిందన్నాడు."

"లైటు వేసుకుని ఏం చేస్తున్నాడు?"

"నాకేం తెలుసు? మొహం మీద దుప్పటి కప్పుకున్నా."

10:41. ఈసారి భార్య ఒక్కతే.

"టైం లేదు. నిజం చెప్పండి. ఈ ఊళ్ళో ఎవరున్నారు?"

ఆమె మూసిన తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"మా అన్నయ్య. రేపు పొద్దున ఏడింటికి గుండె ఆపరేషన్. సగం సగం అన్నారట డాక్టర్లు. ఈ సాయంత్రం చూడకపోతే... మా ఆయనకీ అన్నయ్యకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. అందుకే ట్రిప్పని చెప్పి తీసుకొచ్చాను."

"ఆయనకి తెలుసా?"

"తెలిస్తే విమానం ఎక్కుతారా?"

"ఎక్కాక తెలిస్తే?"

ఆమె మళ్ళీ తలుపు వైపు చూసింది.

"మీ ఫోన్ ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే. విమానం మారిన చోట టాయిలెట్‌కి వెళ్తూ ఆయన చేతికిచ్చాను. ఆస్పత్రి పేరూ, వార్డు నంబరూ పంపిస్తానంది వదిన. ఎంతకీ రాలేదు."

జల్లెడ లేచింది. టేబుల్ మీద ఆమె సామాన్ల మధ్య మెడ దిండొకటి ఉంది. బూడిద రంగుది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదెక్కడ కొన్నారు?"

"అక్కడే, ఎయిర్‌పోర్ట్ షాపులో. రెండు కొంటే సగం ధర అన్నారు. ఆయనకొకటి, నాకొకటి."

10:58. అందరూ గదిలో ఉన్నారు. కోటు మాస్టర్ మెడలో దిండు అలాగే ఉంది.

"వ్యాపారి గారూ, మీరు వెళ్ళొచ్చు," అంది జల్లెడ.

"ఇప్పుడా? అసలు సంగతి తేలకుండా నేను కదలను," అని అతను కుర్చీ లాక్కున్నాడు.

జల్లెడ కోటు మాస్టర్ వైపు తిరిగింది.

"పాస్‌పోర్ట్ పోయినవాళ్ళని ఈ గదిలో వందల మందిని చూశాను. అందరూ మొదట అడిగేది, వెతికించండి అని. రెండోది, మా ఎంబసీ ఎక్కడ అని. తిరుగు ఫ్లైట్‌లో సీట్లున్నాయా అని అడిగింది మీరొక్కరే."

"అడిగితే నేరమా?"

"కాదు. ఆ దిండు ఇలా ఇవ్వండి."

"మెడ నొప్పి."

"ఒక్క నిమిషం ఓర్చుకోండి."

కానిస్టేబుల్ దిండు తీసి టేబుల్ మీద, భార్య దిండు పక్కన పెట్టాడు.

"బ్యాగులు మిషన్‌లోకి వెళ్ళాయి. మనుషుల్ని చేత్తో తడిమారు. మీ దిండు తీసి కుర్చీ మీద పెట్టించి, మిమ్మల్ని తడిమి, దిండు మళ్ళీ మీకే ఇచ్చారు. అంతే కదూ?"

కానిస్టేబుల్ చెవులు ఎర్రబడ్డాయి.

"రెండూ ఒకే షాపువి. ఆవిడ దిండు చూడండి. మిషన్ కుట్టు. వంకరటింకర. నాలుగుచోట్ల దారం వేలాడుతోంది. మీ దిండు కూడా మూడు వైపులా అంతే. నాలుగో వైపు, ఈ జానెడు మాత్రం..." గోటితో చూపించింది. "కుట్టు ఎక్కడుందో కనపడటం లేదు. సగం ధర సరుకుని ఏ ఫ్యాక్టరీ ఇంత బాగా కుట్టదు మాస్టారూ. ఏ దొంగైనా నాలుగు పోగులు లాగి ముడేసేవాడు. అలా కుట్టడానికి మీకు చెయ్యి రాలేదు."

"ఇదే కుట్టుకుని ఉంటుంది!" భార్య వైపు చూపిస్తూ అరిచాడు కోటు మాస్టర్. "మా షాపులో కాజాలు కుట్టేది ఇదే!"

"మీ మెడలో ఉన్న దిండునా?"

అతను ఖాళీ మెడ తడుముకున్నాడు.

"కోటు ఎడమ కాలర్ మడత తిప్పండి."

అతను కదల్లేదు. కానిస్టేబుల్ తిప్పాడు. మడత వెనక సన్నటి సూది. అందులో బెత్తెడు బూడిద రంగు దారం.

"మా వీధి టైలర్ కూడా సూది అక్కడే గుచ్చుకుంటాడు," అంది జల్లెడ. "ఆయన దగ్గరే తెలిసింది నాకు."

భార్య టేబుల్ మీంచి ఆ దిండు లాక్కుంది. కాజాలు కుట్టిన వేళ్ళు. దారం కొస ఎక్కడుందో వెంటనే దొరికింది. సర్రున లాగింది. స్పాంజి ముక్కల మధ్య నుంచి పాస్‌పోర్ట్ టేబుల్ మీద పడింది.

"వార్నీ!" అన్నాడు టైల్స్ వ్యాపారి.

"వదిన మెసేజ్ చదివారు," అంది భార్య.

"చదివా. చెరిపేశా. వాడి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నా. నా పెళ్ళాం తొక్కుతుందా?"

"చావుబతుకుల్లో ఉన్నాడు."

"నలుగురిలో నన్ను చూసి నవ్వాడు! బావకి కొలతలు తప్ప మనుషులు కనపడరన్నాడు!"

"అదా?" వ్యాపారి నోరు తెరిచాడు. "అంతేనా?"

"నువ్వు నోర్ముయ్యి!"

11:06.

"కంప్లైంట్ ఇస్తారా?" భార్యని అడిగింది జల్లెడ. "ఇస్తే స్టేట్‌మెంట్లకి మీరు సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి."

"వద్దు. నాకంత టైం లేదు."

"సరే. ఇంకొకరి పాస్‌పోర్ట్ దాచి, నా ముందే అబద్ధమాడిన మనిషిని నేను లోపలికి రానివ్వను." ఫారంలో పేరు కొట్టేసి ఇంకో పేరు రాసింది. సంతకం పెట్టింది. "సీట్ల సంగతి అడిగారు కదా మాస్టారూ. ఒకటి ఖాళీ ఉంది."

కోటు మాస్టర్ భార్య వైపు వేలు చూపించాడు.

"ఆ తలుపు దాటావో, ఇంటికి రాకు. చెబుతున్నా."

ఆమె పాస్‌పోర్ట్‌ని జాకెట్టులో దోపుకుంది.

"ఏ ఆస్పత్రి? ఏ వార్డు?"

"మర్చిపోయా." నవ్వాడు. "ఇంత పెద్ద ఊరు. వెతుక్కో. ఫోన్లో మీ వదిన నంబర్ కూడా తీసేశా."

ఆమె టేబుల్ మీద టెలిఫోన్‌ని దగ్గరికి జరుపుకుంది.

"చేసుకోవచ్చా మేడమ్?"

"చేసుకోండి."

ఆమె అంకెలు నొక్కింది. చకచకా. ఎక్కడా ఆగలేదు. ఏ కాగితమూ చూడలేదు.

కోటు మాస్టర్ నవ్వు ఆగిపోయింది. ఆమె వేళ్ళ వంకే చూస్తున్నాడు.

"నోటికెట్లా వచ్చు నీకు?"

"పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తున్నా," అంది భార్య. "మీరు కొట్టుకి తాళం వేసి వచ్చేలోపు."

కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతను కదల్లేదు.

అవతల ఎవరో ఫోన్ ఎత్తారు.

"వదినా, దిగాను. ఏ వార్డు?"