తొమ్మిదో నంబర్ తాతగారు

"తలుపు మూస్తారా, నన్ను కూడా లోపల పెట్టి మూస్తారా?"

వెనక నుంచి వినిపించిన ఆ ఆడగొంతుకి ఫ్రిజ్ మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, తలుపు రబ్బరుని వేలితో తడిమి చూస్తున్నాడతను.

"తెరవకుండా బాగుచేసే విద్య నాకింకా రాలేదండీ."

"అందులో మూడు వందల మంది పెద్దవాళ్ల రక్తం ఉంది. అర నిమిషం కంటే తెరవకూడదు."

"ఆరు నెలలుగా ఈ తలుపు సరిగ్గా మూసుకోవడమే లేదు. మరి అన్నాళ్లూ ఎవరి మీద అరిచారు?"

జవాబు లేనప్పుడు ఆమె కళ్లజోడు తుడుచుకుంటుంది. అప్పుడూ అదే చేసింది.

వయసు మీద పడ్డాక ఒంట్లోని రక్షణ శక్తి ఎందుకు నెమ్మదిస్తుందో కనిపెట్టడం ఆ ల్యాబ్ పని. దాన్ని నడిపే ఆవిడ పెద్ద మేడం కాబట్టి, పరీక్షలు చేసే ఈమె చిన్న మేడం అయింది. తెలివైనది, పనిమంతురాలు. ఉన్న లోపమల్లా నలుగురు కనిపిస్తే నోరు ఊరుకోకపోవడం.

ఆ తర్వాత ఫ్రీజర్‌ని వారానికోసారి చూడాల్సిందేనని మెకానిక్ తేల్చాడు. దానికి అంత జబ్బు లేదని ఇద్దరికీ తెలుసు. వానలో తడిసి వచ్చేవాడు. ఆమె టిష్యూ కాగితాల చుట్ట అతని వైపు తోసి, కంప్యూటర్ చూస్తున్నట్టు నటించేది. స్క్రీన్ ఆఫ్‌లో ఉందని అతను ఒక్కసారీ చెప్పలేదు.

ఒకరోజు ఆమే అడిగింది. "పోల్చి చూడ్డానికి కుర్రవాళ్ల రక్తం కావాలి. మీరిస్తారా?"

"సూదితోనా?"

"లేదు, స్పానర్‌తో!"

"మీరిచ్చారా మరి?"

"పదండి, ఇద్దరం ఇద్దాం."

డబ్బాలోంచి చెరో నంబర్ చీటీ తీసుకున్నారు. "మీ నంబర్ ఎవరికీ చెప్పకండి," అంది ఆమె.

"మీక్కూడానా?"

"ముఖ్యంగా నాకు."

నర్సు దూది తడపగానే కళ్లు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా?" అన్నాడతను. ఆమె ఎంత నవ్విందంటే, నర్సు బయట నిలబడమంది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "వచ్చే వారం మా నాయనమ్మని ఒకసారి తీసుకొద్దామనుకుంటున్నా."

"పెద్దవాళ్ల లిస్టులో రాయమంటారా?"

"పెద్దవాళ్ల లిస్టులోనో, మీ చుట్టాల లిస్టులోనో, మీ ఇష్టం," అని తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆమెకి కళ్లజోడు మళ్లీ తుడవాల్సి వచ్చింది.

రెండు రోజులకి ఫలితాలు వచ్చాయి. చేయకూడని పనే, అయినా ఆమె ముందు తన ముప్పై ఒకటో నంబర్ వెతుక్కుంది.

సీఎంవీ అని ఒక వైరస్ ఉంది. చాలామందికి చిన్నప్పుడే అంటుకుని, ఏ గొడవా చేయకుండా జన్మంతా ఒంట్లోనే ఉండిపోతుంది. అది తల ఎత్తకుండా శరీరం కొన్ని కణాలను ఎప్పుడూ కాపలా పెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కాపలాదార్లు పెరుగుతారు, కొత్త జబ్బుల సంగతి చూసే కొత్తవాళ్లేమో తగ్గుతారు. వయసులో ఉన్నవాళ్లకి కంగారు పడాల్సిన పని లేదు. ఈ మాట ఆమె రోజూ నలుగురికీ చెప్పేదే.

కానీ తన నంబర్ పక్కన ఆ కాపలాదార్ల లెక్క చూసేసరికి, బట్టల మీద మరక అందరికీ కనిపిస్తున్నంత సిగ్గేసింది. వరస పైకి జరిపింది. తొమ్మిదో నంబర్‌కి తనకంటే ఎక్కువ. అమ్మయ్య అనుకుంది. ఆ అమ్మయ్యే ఆ తర్వాత ఆమెని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

టీ టైమ్‌కి అందరూ చేరారు. కారుతున్న ఏసీ కింద నిచ్చెన వేసుకుని మెకానిక్ పనిలో ఉన్నాడు. "కుర్రాళ్ల ఫలితాలు ఎలా ఉన్నాయి?" అన్నారెవరో.

"భేషుగ్గా ఉన్నాయి. కాకపోతే కుర్రాళ్లలో ఒక తాతగారు దూరారు. తొమ్మిదో నంబర్! పైకి పాతికేళ్లు, లోపల డెబ్బై. ఆయనకి పెళ్లిచూపులంటే బామ్మల దగ్గరికే వెళ్లాలి!"

గది గొల్లుమంది. నిచ్చెన మీద అతనూ నవ్వాడు. చేతిలోంచి స్క్రూ ఒకటి కింద పడి దొర్లింది. దాన్ని వెతక్కుండానే పని అయిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు. ఏసీ మాత్రం కారుతూనే ఉంది.

మరుసటి వారం ఇంకో మెకానిక్ వచ్చాడు. ఆ పై వారమూ అతనే.

"ఆయన రావట్లేదేం?" అనేసింది, ఆపుకోలేక.

"ఒంట్లో బాగోలేదంటాడండీ. దుక్కలా ఉన్నాడు. అదేమిటంటే, లోపల వయసైపోయిందంటాడు!"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. తొమ్మిదో నంబర్, నిచ్చెన మీది నవ్వు, కింద పడ్డ స్క్రూ, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

మధ్యాహ్నమే బయల్దేరింది. వాన కొడుతోంది, గొడుగు ల్యాబ్‌లోనే మర్చిపోయింది. అతని షాపులో విప్పేసిన ఫ్రిజ్‌ల మధ్య ఒక ముసలావిడ కుర్చీ వేసుకుని మనవణ్ణి దులిపేస్తోంది.

"నాకు ఎనభై రెండు. నేనే మెట్లెక్కుతున్నా. వీడికి ముసలితనమట!" అని, తలుపు దగ్గర తడిసి నిలబడ్డ ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వేనా అమ్మాయీ ఆ ఫ్రీజర్ పిల్లవి? మాట్లాడుకోండి. నాకు చెవుడులే," అని కుర్చీ ఇటు తిప్పుకుని మరీ కూర్చుంది.

అతను పర్సులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. తొమ్మిది.

"ఎన్నాళ్లుంటానండీ?"

ఆ ప్రశ్నకి ఆమెకి ఏడుపొచ్చింది. "అయ్యో, మీకేం కాలేదు! అది జబ్బు కాదు. మీ ఫ్రిజ్ లెక్కలోనే చెప్తా. తలుపు రబ్బరు కాస్త వదులైంది. చల్లదనం పోలేదు, లోపల సరుకూ పాడవలేదు. కంప్రెసర్ మాత్రం కొంచెం ఎక్కువసేపు తిరుగుతుంది."

"అలాంటి ఫ్రిజ్ ఎన్నేళ్లయినా నడుస్తుంది."

"అదే నేను చెప్పేది."

"మరి ఆ రోజు అలా చెప్పలేదేం?"

ఆమె తన చీటీ తీసి అతని చీటీ పక్కన పెట్టింది. "ముప్పై ఒకటి నేనే. నాక్కూడా ఉంది. ముందు నాదే చూసుకున్నా. సిగ్గేసింది. మీది ఇంకా ఎక్కువని కనిపించాక హాయిగా అనిపించింది. నాది దాచుకోడానికి ఎవరిదో తెలియని నంబర్‌ని నవ్వులపాలు చేశా. మీరని తెలిసుంటే అనేదాన్ని కాదు అని చెప్పడానికి కూడా మొహం చెల్లట్లేదు. ఇంకెవరైనా అయితే ఫరవాలేదనా?"

అతను ముప్పై ఒకటో చీటీని చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"మీరు నవ్వించినందుకు కాదండీ నా బాధ. నేనూ నవ్వాను. అందరితో కలిసి నా మీద నేనే. అది మర్చిపోలేకపోతున్నా."

నలుగురిలో చేసిన తప్పుకి ఇలా ఇద్దరి మధ్య క్షమాపణ చెప్పుకోవడం ఎంత తేలికో ఆమెకి అప్పుడు తెలిసింది. "మీరు సగంలో వదిలేసిన ఏసీ ఇంకా కారుతోంది," అంది వెనక్కి తిరుగుతూ. "రేపు టీ టైమ్‌కి వచ్చి పూర్తి చేయండి. ఆ తర్వాత రాకపోయినా ఏమీ అనను."

మర్నాడు పొద్దున్నే పెద్ద మేడంకి జరిగింది చెప్పింది. ఆవిడ అరవలేదు. ఫలితాల ఫైలు ఆమె బల్ల మీంచి తీసుకెళ్లి ఇంకొకరికి ఇచ్చింది, అంతే. అరిచినా బాగుండేది.

టీ టైమ్‌కి నిచ్చెన వేసి ఉంది. అతను పైన ఉన్నాడు, ఇటు తిరగలేదు. ఆమె లేచి నిలబడింది.

"ఆ రోజు తొమ్మిదో నంబర్ గురించి నేనన్నది తప్పు. నమ్మి రక్తమిచ్చిన మనిషిని నవ్వులాటకి వాడుకున్నా. అదీ కాక, ముప్పై ఒకటో నంబర్ నాది. నాదీ అలాగే ఉంది. నాది దాచుకుని, ఇంకొకరిది చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. చెవుల దాకా వేడెక్కిపోయి, ఎక్కడ చూడాలో తెలియక ఆమె టీ ఫ్లాస్కు వైపు చూసింది.

నిచ్చెన కిర్రుమంది. "బామ్మగారూ," అంది పైనుంచి ఒక గొంతు, "ఈ తాతగారికి కాస్త టీ పోస్తారా?"

గది ఒక క్షణం బిత్తరపోయింది. తర్వాత సంగతి ఒక్కొక్కరికే అర్థమై, ఆ రోజు గట్టిగా నవ్విన వాళ్లంతా కప్పుల్లోకి తలలు దించుకున్నారు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ పోసిన టీ సగం బల్ల మీదే పడింది.

అతను దిగొచ్చి కప్పు అందుకున్నాడు. "కింద మా నాయనమ్మ కూర్చుంది," అన్నాడు మెల్లగా. "చెవుడని అబద్ధమాడింది. అంతా వింది. లిస్టులో రాసుకుంటారేమోనని తానే బయల్దేరింది."

"ఏ లిస్టులో?"

"అది మీ ఇష్టమన్నాను కదా."

ఆమె కళ్లజోడు తీసింది. తుడవలేదు. అలాగే చేత్తో పట్టుకుని, అతని కంటే ముందు మెట్లు దిగింది.