పసుపు రంగు మెయిల్

గన్నవరం అబ్బాయికి సత్యశ్రీ నచ్చలేదనీ, పెళ్ళిచూపుల్లో పెట్టిన బొబ్బట్లు మాత్రం నచ్చాయనీ పక్కింటి రావమ్మ కుళాయి దగ్గర అన్నదట. నెలయినా కబురు లేకపోవడమే సాక్ష్యమట. ఆ మాట వీధంతా తిరిగి సాయంత్రానికి సత్యశ్రీ నాయనమ్మ నాంచారమ్మ చెవిన పడింది.

కబురు లేని మాట నిజమే. పెళ్ళిచూపుల రోజు అబ్బాయి హేమసుందర్‌తో సత్యశ్రీయే చెప్పింది.

"ఏ సంగతైనా నాకే రాయండి. ఫోన్ వద్దు. మాకు ఫోనొస్తే రావమ్మగారింట్లో మోగుద్ది."

తను పనిచేసే మంగళగిరి చీరల కొట్టు మెయిల్ అడ్రసు చీటీ మీద రాసిచ్చింది. రోజూ పొద్దున్నే ఆర్డర్ల కంటే ముందు అతని పేరు వెతికేది. ఉండేది కాదు. ఈ ఆదివారం తెనాలి సంబంధం వాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే నాన్న తాంబూలాలు పుచ్చేసుకుంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం వానలో ముద్దగా తడిసి హేమసుందర్ కొట్లోకి వచ్చాడు.

"చీరలు చూపించమంటారా?" అంది సత్యశ్రీ, ముఖం పక్కకు తిప్పుకుని.

"చీరలొద్దండి, జవాబు కావాలి. నాలుగు మెయిళ్ళు పెట్టాను. ఇష్టం లేకపోతే ఆ ముక్కే రాయొచ్చుగా."

"నాకొక్కటీ రాలేదు. నాలుగు బొబ్బట్లు తిన్న సంగతి గుర్తొచ్చి మెయిళ్ళనుకుంటున్నారేమో."

"తిన్నవి ఐదండి."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

బెంగళూరు ఆర్డర్లు అందడం లేదని ఓనరు పిలిపిస్తే, విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి వచ్చిన కంప్యూటరు మెకానిక్ మరియదాసు కొట్టు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తల తిప్పకుండానే అడిగాడు.

"జంక్‌లో చూశావా అమ్మా?"

"అదేంటన్నయ్యా?"

"అక్కర్లేని మెయిళ్ళని ఈ ప్రోగ్రాం పక్కన పడేసే చోటు."

తెరిచాడు. లాటరీలకీ బట్టతల మందులకీ మధ్య బెంగళూరు ఆర్డర్లు రెండు. వాటి కింద హేమసుందర్ మెయిళ్ళు నాలుగు. మొదటిది నొక్కితే తెరంతా పసుపు. దాని మీద ఎర్రటి పెద్దక్షరాలతో శుభం, శుభం అని ఐదుసార్లు. అడుగున సన్నగా ఒకే వాక్యం: మీరు నాకు నచ్చారు, నేను మీకు నచ్చానా?

"లాటరీ వాళ్ళు కూడా ఇట్టాగే రంగులేసి రాస్తారు బాబూ," అన్నాడు మరియదాసు. "అదేం చేసుద్ది పాపం."

హేమసుందర్ తల గోక్కున్నాడు. "ఉత్తరమైతే నాలుగు మూలలా పసుపు రాసేవాణ్ణి. మెయిల్‌కి మూలలెక్కడివని మొత్తం పూసేశానండి."

సత్యశ్రీ ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకెప్పుడూ ఇలా పడకుండా చెయ్యి అన్నయ్యా."

"నువ్వే చెయ్యమ్మా. ఇవి జంక్ కాదని ఇక్కడ నొక్కు. ఈ అడ్రసుల్ని నీ అడ్రస్ బుక్‌లో చేర్చు. మనవాళ్ళని దానికి తెలుసుద్ది."

ఆమె ముందు హేమసుందర్ పేరు చేర్చింది. బెంగళూరు తర్వాత.

హేమసుందర్ వానలోనే ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కి పరిగెత్తాడు. ఐదు నిమిషాలకు ఇన్‌బాక్స్‌లో కొత్త మెయిల్. మళ్ళీ అంతా పసుపే. ఒకటే మాట: మరి?

నచ్చారు, గొడుగు తెస్తున్నా, అక్కడే ఉండండి అని సత్యశ్రీ జవాబు కొట్టింది. గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళినదల్లా వెనక్కి వచ్చింది.

"నువ్వు ఇవాళ రాకపోతే నా బతుకు ఇంకోలా ఉండేది. మొదటి శుభలేఖ నీకే అన్నయ్యా."

"మెయిల్‌లో పంపకు తల్లీ. చేతికియ్యి."

నాన్న వద్దని కబురు పెట్టడంతో ఆదివారం తెనాలి వాళ్ళు రాలేదు. గన్నవరం వాళ్ళు వచ్చి తాంబూలాలు పుచ్చుకున్నారు. మరియదాసుని పక్కన కూర్చోబెట్టుకుని నాంచారమ్మ కొసరి కొసరి వడ్డించింది. సంగతంతా విన్న రావమ్మ బుగ్గ నొక్కుకుంది.

"ఎంత కంప్యూటరైతే మాత్రం, మంచి కబురు చెత్తలో వేసుద్దా అత్తయ్యా?"

నాంచారమ్మ ఆమె విస్తట్లో బొబ్బట్టు వేస్తూ అంది.

"దానికి ఒక్కసారి చెబితే నేర్చుకుంది. నీకెన్నిసార్లు చెప్పాలే రావమ్మా?"