టేకు నేల మీద నాలుగు బకెట్ల నీళ్లు

ఇదంతా అప్పాయమ్మ చేసిన నిర్వాకం! ఆడపడుచునన్న హోదాతో తణుకు నుంచి దిగి, కాలు లోపల పెట్టీపెట్టగానే మొదలుపెట్టింది. "శుక్రవారం పూట ఇల్లు కడగవా, నాగరత్నం? పీలికగుడ్డతో తుడిస్తే లక్ష్మీదేవి వస్తుందా?"

"చెక్క కదండీ వదినగారూ, నీళ్లు పడకూడదంటండి..." అని నాగరత్నం అంటూనే ఉంది... పసుపు కలిపిన నీళ్లు నాలుగు బకెట్లు హాలంతా పారాయి! చీపురుతో గుమ్మం దాకా తోసి, "ఇల్లంటే ఇలా ఉండాలి!" అంది మహాతల్లి.

ఆ నేలను నాగరత్నం ఏడాదిగా ఎలా చూసుకుందో ఎవరికి తెలుసు? వడ్రంగి చెప్పినట్టు మెత్తటి చీపురుతో ఊడ్చి, చుక్క కారకుండా పిండిన గుడ్డతో చెక్క చారల వెంటే తుడిచి, వెనకాలే పొడిగుడ్డ వేసేది. టైల్స్ చల్లదనానికి కీళ్లు పట్టేసి మంచం దిగలేక ఏడ్చిన మనిషి, ఆ టేకు మీద మళ్లీ కింద కూర్చుని కూరలు తరుక్కుంది! భర్త భీమరాజు మాత్రం, "అందరూ వేయించుకుంటున్నారని వేయించాను, నీ కోసమేం కాదులే" అనేవాడు. డబ్బెక్కడిదంటే అరటి గెలలకు మంచి రేటొచ్చిందనేవాడు. కాలవగట్టు తోట ఏమైందంటే కౌలుకిచ్చానన్నాడు. ఆవిడ నమ్మింది...

సోమవారానికి చెక్కల అంచులు లేచిపోయాయి. గెలలు అమ్ముకుని రావులపాలెం మార్కెట్ నుంచి ఆ రోజే తిరిగొచ్చిన భీమరాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎవరు చేశారిది?"

అప్పాయమ్మ తలుపు చాటుకు జరిగింది.

"నేనేనండీ... కడిగాను," అంది నాగరత్నం. అక్కాతమ్ముళ్ల మధ్య మాట రాకూడదని!

భీమరాజు అరవలేదు. అరిచినా బాగుండేది! వంగి, బిడ్డకు జ్వరం చూసినట్టు చెక్క మీద అరచెయ్యి ఆనించి, అన్నం వద్దని లేచాడు.

అది చూసి అప్పాయమ్మ భోరుమంది. "ఒరే తమ్ముడూ, దానిదేం లేదురా! పోసింది నేను! కాలవగట్టున నాన్న తోట అమ్ముతుంటే సంతకం పెట్టమన్నావు, ఎందుకురా అంటే, రత్నం కీళ్లు చూడలేకపోతున్నానక్కా, దానికి మాత్రం చెప్పకు అన్నావు. నన్ను కట్టుకున్నవాడు నాకు పీట కూడా కొనలేదురా! ఆ కుళ్లే నా చేత బకెట్లు ఎత్తించింది..."

నాగరత్నం వెళ్లి ఆవిడ కళ్లు కొంగుతో తుడిచింది.

ఎండ తగలనివ్వకుండా, కిటికీలు తీసి, పదిరోజులు ఫ్యాన్ గాలికి ఆరబెట్టారు. అప్పాయమ్మ ఊరికి వెళ్లనే లేదు, పొడిగుడ్డ పట్టుకుని అక్కడే కూర్చుంది. పదకొండో రోజు పొద్దున్నే నాగరత్నం హాల్లోకి వచ్చి ఆగిపోయింది. గుమ్మం దగ్గర రెండు తప్ప, చెక్కలన్నీ వాటంతటవే సర్దుకున్నాయి! కిటికీలోంచి పడిన వెలుగులో ఆ టేకు చారలు, వరద తీశాక గోదావరి ఇసుక మీద మిగిలే అలల గీతల్లా, గోడ నుంచి గోడ దాకా పరుచుకుని ఉన్నాయి... ఏడాదిగా రోజూ తుడిచిన నేలే! ఇన్నాళ్లూ చూడనే లేదనిపించింది. కాలు మోపాలంటే భయం వేసింది. గడప దగ్గరే ఒళ్లు జలదరించి, చేతులు జోడించింది.

వెనకాల భీమరాజు వచ్చి నిలబడ్డాడు.

"తోట ఎంత అమ్మారండీ?"

"ఇప్పుడెందుకులే, రత్నం..."

"చెప్పండి. దేని మీద నడుస్తున్నానో నాకు తెలియాలి."

అతను వంగి, గుమ్మం దగ్గర లేచిన చెక్క అంచును బొటనవేలితో అదిమాడు.

"పంతొమ్మిది సెంట్లు," అన్నాడు. "బోరుతో సహా."