గుర్తు పెట్టని రాయి

"బాంబు కొండమీది కోటలోనే ఉంది. ఇంకో అరగంటలో రెండు దేశాల మంత్రులూ అక్కడికి వస్తున్నారు," అన్నాడు చీఫ్, కారు అద్దాలు పైకెత్తి.

"టూర్ క్యాన్సిల్ చెయ్యండి సార్."

"చేస్తే శాంతి ఒప్పందం అటకెక్కుతుంది. బాంబు పెట్టింది మన డబుల్ ఏజెంటే. కోట మరమ్మతుల ఇంజినీరమ్మ. విదేశీ ముఠా ఆమె చెల్లెల్ని ఎత్తుకెళ్లి బెదిరించింది."

"చెల్లెల్ని విడిపిస్తే నోరు విప్పుతుందిగా?"

"పొద్దున శవం దొరికింది. ఆమెకి తెలీదు. తెలియనివ్వకు."

ఏజెంట్ గద్ద తలూపాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జాలి లేనివాడని మాత్రం అందరికీ తెలుసు.

నెత్తిన టోపీ, మెళ్లో కెమెరా, అచ్చం టూరిస్టులా కొండెక్కాడు. కూలిన బురుజు కింద ఆమె నిలబడి ఉంది. పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, అంత దుమ్ములోనూ సినిమా తారే, మహాతల్లి!

"కోటకి ఎన్ని ద్వారాలు?" కోడ్ మాట అడిగాడు.

"శత్రువుకి ఒక్కటి చాలు." ఆమె వెనకున్న గోడకి ఆనుకుంది. "బాంబు పడమటి గోడలో ఉంది. వెళ్లి చూసుకో."

గద్ద కదల్లేదు. మరమ్మతుల్లో కొత్తగా పెట్టిన ప్రతి రాయికీ, పాతవాటితో తేడా తెలిసేలా, మూలన గుర్తుగా చిన్న చిల్లు ఉంటుందని గేటు దగ్గర బోర్డు మీద చదివాడు. అన్ని చిల్లుల్లోనూ మట్టి పేరుకుంది. ఆమె వీపు వెనక ఉన్న రాయి చిల్లులో మాత్రం తెల్లటి రాతిపొడి!

"బాంబు దాచిన రాయికి కూడా గుర్తు పెట్టావా, తల్లీ?"

ఆమె మొహం పాలిపోయింది. "చెయ్యి అలవాటు... కొత్త రాయిని పాతదని నమ్మించడం మా పనిలో మహా పాపం."

రాయి లాగేశాడు. లోపల ఎర్ర అంకెలు పరుగెడుతున్నాయి.

"నువ్వే ఆపాలి."

"ఆపితే నా చెల్లిని చంపేస్తారు!"

"నీ చెల్లి మా దగ్గరే ఉంది. పొద్దున్నే తెచ్చాం."

ఆమె కూలబడి భోరుమంది, సంతోషంతో. "నిజంగానా? దానికి చీకటంటే భయం. లైటు వేసే ఉంచారా?"

"వేసే ఉంచాం," అన్నాడు గద్ద, రెప్ప వాల్చకుండా.

మెట్ల మీద మంత్రుల నవ్వులు దగ్గరపడుతున్నాయి. ఆమె తీగ కత్తిరించింది. అంకెలు సున్నా ముంగిట ఆగాయి. వెంటనే బేడీలు పడ్డాయి.

"ఒక్కసారి దాంతో మాట్లాడించు," అంటూ ఆమె ఫోన్ కోసం బేడీల చేతులే చాపింది. కళ్లు తుడుచుకోకుండానే నవ్వుతోంది.

గద్ద పక్కకి తిరిగాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు ఉషారుగా ఉంది.

"శభాష్! అంత అతికినట్టు అబద్ధం ఎలా చెప్పావయ్యా?"

గద్ద గోడ రాయి వైపు చూశాడు.

"గుర్తు పెట్టలేదు సార్."