తువ్వాల కింద బేరం

“సార్, చెప్పులు!”

షోరూం అమ్మాయి అరిచేటప్పటికే నాగరాజ్ ఒక కాలు బండిలో పెట్టేశాడు. తీసి చూసుకుంటే నల్లటి కొత్త మ్యాట్ మీద ఎర్రటి అడుగు, స్టాంపు కొట్టినట్టు దిగింది. పొద్దున ఝరాసంగంలో అల్లం చేను నుంచి నేరుగా వచ్చిన కాళ్లు మరి.

“ఇది పొలాలకు పోయే బండే గద మేడం?”

“అవును సార్.”

“మరి మట్టి అంటితే ఏడుస్తదా?”

“బండి ఏడ్వది సార్. తుడిచేటోళ్లు ఏడుస్తరు.”

నాగరాజ్ ఆమె కోటు మీది పేరు చదివాడు. అక్షత. ఇంకా ఏదో గట్టిగా అందామనుకున్నాడు గానీ, అప్పుడే ఆమె నవ్వింది.

చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద రెండు షోరూములు ఎదురెదురుగా ఉంటాయి. ఇటు నల్ల పికప్, అటు తెల్ల పికప్. రెండూ నాలుగు తలుపులవే. ఇంటి ముందు నిలబెడితే ఇల్లే చిన్నదిగా కనపడేంత పెద్దవి. నల్లదానికి స్క్రీన్ టీవీ అంత ఉంటుంది. తెల్లదాని వెనక సీటులో కూర్చుంటే పెళ్లికొడుకు సోఫాలో కూర్చున్నట్టు ఉంటుంది. ఏది కొనాలో నాగరాజ్‌కు తేలలేదు. అల్లం అమ్ముడుపోయిన నాటి నుంచి రోడ్డుకు ఇటు అటు తిరుగుతూనే ఉన్నాడు.

మనవడు బాగా ఆలోచించి అడుగు వేసే మనిషని తాత చెన్నబసప్ప ఊరంతా చెప్పుకున్నాడు. కొడుకు పోయాక సేద్యమంతా ఆ పిల్లవాడే మీద వేసుకున్నాడు, వాడు తొందరపడడు అని.

తల్లి శివమ్మ లెక్క వేరు. అంగీలు ఇస్త్రీ చేసేది ఆమే. తెల్లబండి చూడబోయే రోజు కొడుకు పొలం చెప్పులతో, మాసిన అంగీతో పోతాడు. నల్లబండి చూడబోయే రోజు ఇస్త్రీ అంగీ కావాలి, సెంటు కావాలి, అద్దం ముందు అరగంట కావాలి. ఏ బండి కొంటాడో ఆమెకు ఎప్పుడో తెలుసు. అడగని వాళ్లకు చెప్పడమెందుకని ఊరుకుంది.

టెస్ట్ డ్రైవ్‌కు పోయినప్పుడల్లా అక్షత పక్క సీటులో కూర్చుని బండి గుణాలు చెప్పేది. నాగరాజ్ నిన్న అడిగినవే ఇయ్యాల అడిగేవాడు.

“హిల్ హోల్డ్ అంటే ఏంది మేడం?”

“నిన్న చెప్పిన గద సార్.”

“నిన్న సరిగ్గ అర్థం గాలే.”

“ఎత్తు మీద ఆపితే బండి వెనకకు జారకుండ పట్టుకుంటది. నడిపేటోడు ముందుకు పోవుడా లేదా అని తేల్చుకునే దాక.”

“మంచిదే.”

“మామూలు మనుషులకైతే రెండు సెకండ్లు చాలు సార్,” అని ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. “కొందరికి వానాకాలం వచ్చినా చాలదు.”

అన్నట్టే వానాకాలం వచ్చింది. ఆ రోజు రాయికోడ్ రోడ్డు మీద వాన ఎట్ల దంచిందంటే ముందు అద్దంలో ఏమీ కనపడలేదు. నాగరాజ్ బండిని పక్కకు ఆపాడు. చినుకులు పైకప్పు మీద చప్పుడు చేస్తున్నాయి. లోపల ఏసీ, కొత్త సీట్ల వాసన, పక్కన అక్షత. ఇంతకంటే మంచి వాన ఆ సంవత్సరం పడలేదని అతను అనుకున్నాడు.

“సార్, ఒక మాట అడుగుత. నిజం చెప్తరా?”

అతను ఏసీ చప్పుడు తగ్గించాడు. “అడుగు... అడుగుర్రి మేడం.”

“మీకు బండి కొనే ఇరాదా ఉన్నదా, లేదా? ఎదురుంగ షోరూం సుదర్శన్ చెప్పిండు, ఆ తెల్లదాన్ని గూడ గిట్లనే తిప్పుతున్నరంట. ఏదో ఒకటి తేల్చుర్రి. సోమవారం లోపల నా చేతుల మీద ఒక్క బండి పోకుంటే నన్ను నిజామాబాద్ బ్రాంచికి పంపుతరు.”

నాగరాజ్ ఆమె వైపు తిరిగాడు. నువ్వు ఎక్కడికి పోతే నేను అక్కడికి వస్తా అని చెప్పాలి. మనసులో ఆ మాట చక్కగానే ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

“నిజామాబాద్‌ల గూడ ఈ నల్లబండి ఉంటదా?”

అక్షత చేతిలోని బ్రోచర్ మడిచి బ్యాగులో పెట్టింది.

“ఉంటది సార్. అక్కడికి గూడ వచ్చి తిప్పుతరా? పోనియ్యుర్రి బండి. నాకు వేరే కస్టమర్లు ఉన్నరు.”

షోరూం దగ్గర దిగేటప్పుడు ఆమె తలుపు వేసిన చప్పుడుకు ఎదురు షోరూంలో సుదర్శన్ తల బయటపెట్టి చూశాడు.

ఇంటికి రాగానే నాగరాజ్ తాత ముందు నిలబడ్డాడు. “తాతా, నల్లది కొందాం. రేపే.”

“ఇన్ని దినాలు ఊకున్నోనివి, రేపే అంటవేందిరా? నేను చూడకుండ మన కొట్టంల ఎన్నడన్న ఎద్దు అడుగుపెట్టిందా?”

“అది ఎద్దు కాదు తాతా.”

“ఎద్దు కంటె ఎక్కువ ధర గద? ఇంకా బాగ చూడాలె. నా మనసుకైతే తెల్లదే. తెల్ల ఎద్దులు మన ఇంటికి కలిసొచ్చినయి.” చెన్నబసప్ప దండెం మీద నుంచి ఎర్రంచు తువ్వాల తీసి భుజాన వేసుకుని చూసుకున్నాడు. “బేరం నేనే చేస్త. సంతల చేసినట్టే.”

నాగరాజ్‌కు అది ఏమిటో తెలుసు. పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చేయి, అమ్మేవాడి చేయి తువ్వాల కింద కలుస్తాయి. వేళ్లు పట్టుకుని లెక్క చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ఆ లెక్క ఇద్దరికే తెలుస్తుంది.

“నీ కాళ్లు మొక్కుత తాతా. అక్కడ ఏసీ షోరూం. టై కట్టుకున్నోళ్లు ఉంటరు. గీ తువ్వాల అక్కడ తీయకు. నా పరువు పోతది.”

“నీ పరువు నీ దగ్గర పెట్టుకో. తువ్వాల నాది.”

ఆదివారం తాత, తల్లి, నాగరాజ్ ముగ్గురూ పోయారు. ముందు తెల్లబండి. సుదర్శన్ మంచినీళ్లు ఇచ్చాడు, కుర్చీ వేశాడు. చెన్నబసప్ప బండి చుట్టూ తిరిగి వీపు తట్టాడు, బానెట్ తెరిపించి ఎద్దు పళ్లు చూసినట్టు చూశాడు. బాగుందన్నాడు. తర్వాత తువ్వాల పరిచి చేయి చాపాడు.

సుదర్శన్ పగలబడి నవ్వాడు. “పెద్దాయనా, ధర కంప్యూటర్ల ఉంటది. చేతులల్ల ఉండది.”

ముసలాయన తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. “బండైతే మంచిదే,” అని మాత్రం అన్నాడు రోడ్డు దాటుతూ. నాగరాజ్ వెనక నడుస్తూ లెక్క వేసుకున్నాడు. ఇక్కడా ఇదే జరిగితే తాత మళ్లీ ఆ తెల్లదాని దగ్గరికే పోతాడు. అక్షత నిజామాబాద్ పోతుంది.

అక్షత వచ్చి పెద్దవాళ్లిద్దరికీ నమస్కారం పెట్టింది. నాగరాజ్‌కు పెట్టలేదు.

చెన్నబసప్ప నల్లదాని వీపు తట్టాడు, బానెట్ చూశాడు, తలుపు తెరిచి లోపలికి వంగాడు. అక్కడే ఆగాడు.

“ఇదేంది? బండంత అద్దం తీరు తోమి, ఇక్కడ మట్టి మరక ఇడ్సిన్రు?”

మేనేజర్ అమర్నాథ్ పరుగున వచ్చాడు. “అక్షతా! ఎన్నిసార్లు చెప్పిన ఆ మ్యాట్ కడిగించమని?”

“కడిగినం సార్. అది... పోతలేదు.”

చెన్నబసప్ప వేలు తడి చేసి మరక అంచున రాశాడు. మట్టి ఇట్టే వేలికి వచ్చేసింది. ముసలాయన వేలు చూసుకున్నాడు. మ్యాట్ మీది అడుగు చూశాడు. మనవడి కాళ్లు చూశాడు. తర్వాత తల ఎత్తి ఆ పిల్ల ముఖం చూశాడు. బండికి వేసిన ఎర్ర రిబ్బను కంటే ఆ ముఖమే ఎర్రగా ఉంది.

ఆయన నిమ్మళంగా తువ్వాల పరిచి చేయి చాపాడు. నాగరాజ్ కళ్లు మూసుకున్నాడు.

నవ్వు వినపడలేదు. తెరిచి చూస్తే అక్షత చేయి అప్పటికే తువ్వాల కింద ఉంది.

“వేలుకు ఎంత తాతా? పదివేలా?”

“ఓ! నీకు ఎట్ల తెలుసు?”

“రాయికోడ్ సిద్దప్ప మనవరాలిని. చిన్నప్పుడు సంతల మా తాత పక్కనే కూసునేదాన్ని.”

“దళారి సిద్దప్ప! వాడు నన్ను జోడెద్దుల కాడ ముంచిండు!”

“మీరే ముంచిన్రని మా ఇంట్ల ఇప్పటికీ చెప్తడు తాతా.”

తువ్వాల కదిలింది. ముసలాయన కనుబొమలు ఎగరేశాడు, అక్షత తల అడ్డంగా ఊపింది, ఆయన మూలిగాడు, ఆమె నవ్వింది. అమర్నాథ్ తువ్వాల కిందికి వంగి చూడబోతే శివమ్మ పక్కకు లాగింది. చివరికి చెన్నబసప్ప చేయి తీశాడు.

“నా వంతు అయింది. ఇగ బండి తోలేటోడు చేయి పెట్టి ఖాయం చేయాలె. మన రివాజు. పెట్టురా!”

శివమ్మ మామ చెవి దగ్గరికి వచ్చింది. “మామా, గిసొంటి రివాజు ఎన్నడు ఇనలే.”

“ఉన్నది. నువ్వు ఊకో.”

నాగరాజ్ తువ్వాల కింద చేయి పెట్టాడు. వేళ్ల లెక్క అతనికి రాదు. ఏ వేలు పట్టుకోవాలో తెలియక ఆమె చేయి మొత్తం పట్టుకున్నాడు.

“తాతా!” అంది అక్షత. “మీరు రెండు వేళ్లు తగ్గించిన్రు. మీ మనవడు ఐదు వేళ్లు పెంచిండు.”

షోరూమంతా నవ్వింది. “చెయ్యి ఇడ్వురా, ఇల్లు ముంచుతవు!” అని అరిచాడు తాత.

నాగరాజ్ విడవలేదు. “నిజామాబాద్ సంగతి,” అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేటట్టు. “బండి కోసం అడగలే మేడం. నువ్వు పోతే నేను గూడ వస్త అని చెప్పబోయి గట్ల అన్న.”

తువ్వాల కింద ఆమె బొటనవేలు అతని అరచేతిలో మెల్లగా ఒక గీత గీసింది.

“ఇదేం లెక్క?” అన్నాడు కంగారుగా.

“ఇది సంతల ఉండది,” అంది అక్షత తల వంచుకుని.

“బేరం అయినట్టేనా సార్?” అమర్నాథ్ అడిగాడు.

“బండిది అయింది,” అన్నాడు చెన్నబసప్ప. “ఇంకొక బేరం ఉన్నది. అది సిద్దప్పతోని, వాళ్ల ఇంట్ల చేస్త. గీ పాత తువ్వాలతోని గాదు. కొత్తది కొనుక్కొని పోత.”

బయటికి వస్తుంటే సుదర్శన్ రోడ్డు దాటి వచ్చాడు. “అమ్మా, జర చెప్పుర్రి. మా బండిల ఏం తక్కువైంది? మీ కొడుకు మా దాంట్ల గూడ ఎన్నో సార్లు మట్టికాళ్లతోని ఎక్కిండు. ఒక్క మాటన్న అన్నమా?”

శివమ్మ అతని వైపు జాలిగా చూసింది.

“ఏం తక్కువ లేదు నాయనా. మీరు ఎప్పటికప్పుడు తుడిచిన్రు, అంతే.”