పెళ్లికూతురి అభ్యంతరం

ఆత్మకూరు బస్‌స్టాండులో లిదియ కండక్టరు వరప్రసాదంతో మొదటిసారి మాట్లాడింది పోట్లాడటానికే.

"ముసుగు తీసి చెప్పు తల్లీ, ఏ వూరో వినపడటంలా."

లిదియ విసురుగా ముసుగు లాగేసింది. మద్రాసులో మెడ మీది క్యాన్సరు గడ్డకు కరెంటు పెట్టి, మందులెక్కించి పంపిన తల అది. జుట్టు అప్పుడే అరంగుళం మొలిచింది. బస్సంతా తిరిగి చూసింది.

"ఉదయగిరి! వినపడిందా?"

"వినపడింది. కిటికీ పక్కకు జరుగు, ఇంకొకరు కూర్చోవాల."

ఆ తలను చూసి జాలిపడని మొదటి మనిషి! లిదియకు ముందు ఒళ్లు మండింది. దుత్తలూరు దాటేసరికి హాయిగా అనిపించింది.

అది 1981. మూడు నెలలకోసారి మద్రాసులో పరీక్ష. తిరుగు ప్రయాణం వరప్రసాదం బస్సులో. "నయమైపోయినట్టేనా టీచరమ్మా?" అని బస్సంతా అడిగేది. డాక్టరు చెప్పేది మాత్రం ఒకటే: "ఇప్పటికి ఏమీ కనపడటం లేదు. మూడు నెలలకు రండి." ఆ 'ఇప్పటికి'ని ఉదయగిరిలో ఎవరూ చెవిన వేసుకోలేదు. తల్లి రాహేలమ్మ అయితే వచ్చిన ప్రతిసారీ కృతజ్ఞత కూడిక పెట్టించి, పేటంతటికీ పులిహోర పంచేది. దేవుడు మాట తప్పకుండా సాక్షులను కూడగట్టుకుంటోంది కాబోలు.

వరప్రసాదం మాత్రం "సీటు దొరికిందా?" అనేవాడు, అంతే. నాలుగోసారి టికెట్ కొడుతూనే, "నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

"నాకే గ్యారంటీ లేదు."

"ఈ బస్సుకుండాదా? పొద్దున రెండుసార్లు ఆగిపోయింది."

లిదియ నవ్వింది. అదే ఒప్పుకోలు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పొచ్చు. చర్చి కట్టినప్పటి నుంచి లేచినవాళ్లు లేరు. ఆ ప్రశ్న వినగానే బైబిలు సంచులు సర్దుకోవడమే ఆచారం.

మూడో ఆదివారం పాస్టరుగారు భక్తికొద్దీ ప్రకటనలో ఒక ముక్క రాసి కలిపారు: "పూర్తి స్వస్థత పొందిన మన సహోదరి లిదియకును, వరప్రసాదానికిని... అభ్యంతరం గలవారు..."

పెళ్లికూతురే లేచింది.

"నాకుండాది అయ్యగారూ. పూర్తి అని డాక్టరు చెప్పలా. ఆ మాట మీద నేను పెళ్లి చేసుకోను."

రాహేలమ్మ ఆమె తలమీది కొంగు పట్టి లాగింది. "కూర్చోవే! దేవుడు వింటన్నాడు!"

"ఆయనకు ముందే తెలుసులేమ్మా."

మగవాళ్ల వైపు నుంచి వరప్రసాదం లేచాడు. "నాకూ అభ్యంతరమే అయ్యగారూ. ఆ 'పూర్తి స్వస్థత' కొట్టేయండి. మిగతాది బాగానే ఉండాది."

"మళ్లీ వస్తే?" లిదియ అతన్నే అడిగింది.

అతని ముఖంలో నవ్వు పోయింది. "వస్తే మద్రాసు పోవాల. పొయ్యేటప్పుడు రెండు సీట్లు, వచ్చేటప్పుడు రెండు సీట్లు ఆపుతా. అంతకుమించి నాకూ తెలీదు." మళ్లీ తనే అన్నాడు: "పెళ్లయితే కండక్టరు పెళ్లానివని నీకు బస్సు పాసన్నా వస్తుంది."

పాస్టరుగారు పెన్ను తీసి ఆ మూడు మాటలు కొట్టేశారు. మొదటినుంచి చదివారు. "అభ్యంతరం గలవారు?"

ఈసారి ఒక్కరూ సంచి ముట్టలేదు. అందరూ అప్పటికే కూర్చున్న లిదియ వైపే చూశారు. అమ్మ లాగిన కొంగు భుజం మీదే ఉంది. చెవులు దాటని జుట్టు చర్చికంతా కనపడుతోంది. సర్దుకోవాలని ఆమెకు గుర్తే లేదు.

"కూర్చున్నా గదయ్యగారూ," అంది, "ముందుకు చదవండి."