రెండు చెంచాలావిడ

పసిదాని ఒళ్ళు పొద్దున్నే పెనంలా కాలిపోతోంది. అమ్మమ్మ మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మందు సీసా మూత తీసి, కొలత గొట్టాన్ని కళ్ళజోడుకి ఎదురుగా పట్టుకుంది. అప్పుడే స్నానం చేసి వచ్చిన కూతురు ఆ సీసాను దాదాపు లాక్కున్నంత పని చేసింది.

"నువ్వొద్దమ్మా. నాన్న పోస్తారు."

"కొలిచే పోస్తున్నానే."

"తెలుసు. అయినా నువ్వొద్దు."

అమ్మ సీసా వదిలేసింది. మూత మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి, పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. ఈ ఇంట్లో ఆమె వంట చేయొచ్చు, బట్టలుతకొచ్చు, రాత్రంతా పిల్లని భుజాన వేసుకుని తిరగొచ్చు. మందు సీసా మాత్రం ముట్టుకోకూడదు. తొమ్మిదో తరగతి నుంచీ కూతురు ఆమె చేత్తో తలనొప్పి బిళ్ళ కూడా తీసుకోలేదు.

దానికి కారణం నాన్న చెప్పిన పాఠం. ఆయన ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన మాస్టారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పజెప్పడం ఆయనకు చిరాకు. ఏ పాఠానికైనా ఇంట్లోంచో వీధిలోంచో ఒక ఉదాహరణ పట్టుకొచ్చేవారు. అందుకే ఆయన దగ్గర చదివినవాళ్ళకి పాఠాలు మరుపు రావంటారు. ఆ ఉదాహరణలన్నీ కొత్త టీచర్ల కోసం పుస్తకంగా వేస్తామని ఒక పాత విద్యార్థిని, ఇప్పుడు తనూ టీచరే, ఆ రోజు నోటుబుక్కుతో వచ్చింది. మాస్టారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు.

"సార్, అన్నిటికంటే ముందు మీ రెండు చెంచాలావిడ రాసుకుంటాను. మా క్లాసులో ఇవాళ్టికీ ఎవరూ యూనిట్ మర్చిపోరు" అంది టీచరమ్మ నవ్వుతూ. "అంకె రాసి యూనిట్ రాయకపోతే మీరు అర మార్కు కోసేసేవారు. ఎందుకు సార్ అంటే, 'మా ఆవిడని అడగండి, రెండు ఎంఎల్ పొయ్యమంటే రెండు చెంచాలు పోసింది, పిల్ల నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది' అనేవారు. క్లాసంతా ఒకటే నవ్వు."

అప్పుడే మంచినీళ్ళ గ్లాసు తెచ్చిన అమ్మ గుమ్మంలో ఆగింది. టీచరమ్మ లేచి నిలబడింది. "ఆంటీ, అది మీరేనా?" అంది. అందులో వెటకారం ఏమీ లేదు. చాలాకాలంగా విన్న మనిషిని చూసిన సంతోషం మాత్రమే ఉంది.

"నేనేనమ్మా" అంది అమ్మ. గ్లాసు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు కూడా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. కూతురు చెప్పులు వేసుకుంటూ ఆ మాటలన్నీ వింది. తొమ్మిదో తరగతిలో ఆ పాఠం జరిగిన రోజు ఆమె మూడో బెంచీలో ఉంది. నాలుగు రోజులు ఆస్పత్రిలో పడుకున్న పిల్ల తనే. క్లాసంతా తిరిగి ఆమెనే చూసింది.

"నాన్నా, నాకు ఆఫీసు టైమైంది. పన్నెండింటికి మందు మీరే పొయ్యండి. నాలుగు ఎంఎల్. సీసా మీద రాసి పెట్టండి. అమ్మకి మాత్రం ఇవ్వకండి."

"అలాగే" అని మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. చీటీ ముక్క మీద '4, మూడు పూటలా' అని గుండ్రంగా రాసి, సీసాకి అంటించి బల్ల మీద పెట్టారు.

ఖాళీ గ్లాసు తీసుకోవడానికి వచ్చిన అమ్మ ఆ చీటీ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ అంకె పక్కన వేలు పెట్టి, ఆయనకి మాత్రమే వినపడేలా అంది.

"ఇక్కడేదో రాయాలండీ."

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అదే చేతిరాత, అదే తొందర. ఇరవై ఎనిమిదేళ్ళ కింద బడికి ఆలస్యమవుతోందని, డాక్టరు చెప్పింది చీటీ మీద '2' అని గీకి సీసాకి అంటించి పరుగెత్తింది ఆయనే. రెండు ఏమిటో రాయలేదు. సాయంత్రం ఆస్పత్రిలో డాక్టరు "ఎవరు పోశారు?" అని అరిస్తే ఆమె "నేనే" అంది. ఆయన తల దించుకుని ఊరుకున్నారు. ఆ చీటీని ఆమె ఎప్పుడు చింపేసిందో కూడా ఆయన అడగలేదు.

మొదటి ఏడాది క్లాసులో 'ఒకావిడ' అని చెప్పారు. పిల్లలకి భలే గుర్తుండిపోయింది. రెండో ఏడాది 'మా ఆవిడ' అయింది. నవ్వు ఎక్కువైనకొద్దీ ఉప్పూకారం ఎక్కువైంది. ఆ కథలోకి చీటీ మాత్రం ఎప్పుడూ రాలేదు. చెప్పి చెప్పి, చీటీ రాసింది తనేనని ఆయనే మర్చిపోయినంత పని చేశారు.

"అమ్మాయ్, ఆగు" అన్నారు. కూతురు గడప దగ్గర ఆగింది. "ఇలా వచ్చి ఇది చూడు."

ఆమె చీటీ చదివింది. "నాలుగు. బాగానే ఉందిగా?"

"నాలుగు ఏమిటి?"

కూతురు మళ్ళీ చూసింది. టీచరమ్మ కూడా వంగి చూసి, చటుక్కున పెన్ను మూసేసింది.

"ఆ రోజు కూడా ఇలాగే రాశాను. మీ అమ్మకి నేనిచ్చింది రెండు అన్న అంకె ఒక్కటే. ఆవిడ చేతిలో చెంచా ఉంది, చెంచాతో పోసింది. తప్పు నాది. ఇన్నేళ్ళూ దాన్ని ఆవిడ నెత్తిన రుద్ది, పిల్లల చేత నవ్వించాను." ఆయన టీచరమ్మ వైపు తిరిగారు. "టీచరమ్మా, ఆ ఉదాహరణ రాసుకో. కానీ మా ఆవిడ అని రాయకు. మాస్టారు అని రాయి."

కూతురు తల్లి వైపు తిరిగింది. "నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"మాస్టారే యూనిట్ రాయలేదంటే పిల్లలు ఆయన మాట వింటారా? పిల్లలకి బాగా గుర్తుంటోందన్నారు. పోనీలే, నా పేరుతోనైనా నాలుగు ముక్కలు నేర్చుకుంటున్నారు కదా అనుకున్నాను." అమ్మ కొంగుతో బల్ల మీద లేని తడి తుడిచింది. "నువ్వు కూడా ఆ క్లాసులో కూర్చుంటావని అనుకోలేదు, అంతే."

కూతురికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పొద్దున లాక్కున్న సీసా, అంతకు ముందు వద్దన్న బిళ్ళలు, అత్తవారింట్లో కూడా నవ్వుతూ చెప్పిన ఆ కథ, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. చెప్పులు విప్పేసి వచ్చి తల్లి పక్కన కూలబడింది.

మాస్టారు చీటీ మీద 'మి.లీ.' అని రాశారు. సీసా ఎత్తి భార్యకి అందించారు. ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేక, నేల చూస్తూ నిలబడ్డారు. ఆమె దాన్ని వెంటనే అందుకోలేదు. అందుకున్నాక చీటీ మొత్తం ఒకసారి చదువుకుంది.

"అమ్మా" అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ. "తల పగిలిపోతోంది. నాకో బిళ్ళ ఇయ్యవే."

అమ్మ వెళ్ళి అలమార తెరిచింది. బిళ్ళల అట్ట తీసి, వెనక్కి తిరిగి అడిగింది.

"ఒకటా, సగమా? సరిగ్గా చెప్పు."